పెద్ద క్యాంపర్‌కి ఏ డీజిల్ ట్రక్? లాగే బలం కంటే ముందు మోసే బలం చూడండి

మా మొదటి ట్రక్ త్రీ క్వార్టర్ టన్ డీజిల్ పికప్. అమెరికాలో పికప్‌లని మోసే బలాన్ని బట్టి హాఫ్ టన్, త్రీ క్వార్టర్ టన్, వన్ టన్ అని పిలుస్తారు. అవి తరగతుల పేర్లే, అసలు బరువులు కావు. బ్రోషర్‌లో 18,000 పౌండ్లు లాగుతుందని రాసి ఉంది. మేం కొన్న ట్రావెల్ ట్రైలర్, అంటే ట్రక్ వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు, సామాన్లతో సహా 9,400 పౌండ్లు. సగం బలం మిగిలే ఉంటుంది కదా అని ధైర్యంగా బయల్దేరాం. రెండో ప్రయాణంలో హైవే పక్కన ట్రక్ స్టాప్‌లో లారీల కాటా కనిపిస్తే ఎక్కించి చూశాం. చీటీ చేతికొచ్చాక గుండె జారింది. లాగడంలో ఏ లోటూ లేదు. కానీ ట్రక్ మాత్రం తాను మోయాల్సినదానికంటే 460 పౌండ్లు ఎక్కువ మోస్తోంది. మేం నలుగురం, బెడ్‌లో (ట్రక్ వెనక సామాన్ల తొట్టిలో) జనరేటర్, సైకిళ్లు, కట్టెలు, వెనక హిచ్ (ట్రైలర్‌ని తగిలించే కొక్కెం), దాని మీద ట్రైలర్ మోపిన బరువు, అన్నీ కలిసి 2,400 పౌండ్లు అయ్యాయి. డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ చూస్తే 1,940 అని ఉంది. కొనే రోజు ఆ స్టిక్కర్ మాకు ఎవరూ చూపించలేదు. మేమూ అడగలేదు.

అమెరికాలో పెద్ద ట్రైలర్ కొందామని చూసే మనవాళ్లలో చాలామంది ఇంజిన్ గురించే అడుగుతారు. కమిన్స్ మంచిదా, పవర్ స్ట్రోక్ మంచిదా, డ్యూరామాక్స్ మంచిదా అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్తాను, కానీ చివర్లో. ఎందుకంటే ఈ రోజుల్లో ఏ హెవీ డ్యూటీ డీజిల్ అయినా కుటుంబాలు కొనే ట్రైలర్‌ని సులువుగా లాగేస్తుంది. తేడా వచ్చేదల్లా మోయడం దగ్గర. లాగడం ఇంజిన్ పని. మోయడం స్ప్రింగులు, ఇరుసులు, చక్రాలు, టైర్ల పని.

మొదట ట్రైలర్, తర్వాత ట్రక్

ట్రక్ ముందు కొనేసి దానికి తగ్గ ట్రైలర్ వెతుక్కోవడం తలకిందుల పద్ధతి. మేం చేసింది అదే. ఇంట్లో ఎంతమంది, ఏడాదిలో ఎన్ని రాత్రులు బయట పడుకుంటారు, పిల్లలకు బంకులు కావాలా, పెద్దవాళ్లు వచ్చినప్పుడు వాళ్లకో గది కావాలా అన్నది తేల్చుకుంటే ట్రైలర్ పొడవు, బరువు దాదాపుగా తేలిపోతాయి. ఆ తర్వాతే ట్రక్ సంగతి.

ట్రైలర్ బరువు అడిగితే అమ్మేవాళ్లు డ్రై వెయిట్ చెప్తారు. ఆ అంకెను పక్కన పెట్టండి. ఖాళీగా, నీళ్లు లేకుండా, ఒక్క గిన్నె కూడా పెట్టకుండా తూచిన బరువది. ఆ బరువుతో ట్రైలర్‌ని మనం ఒక్కరోజు కూడా నడపం. ఒక గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్ల పైనే తూగుతాయి. 60 గ్యాలన్ల ట్యాంక్ నింపితే అదే 500 పౌండ్లు. ప్రొపేన్ సిలిండర్లు, బ్యాటరీలు, పరుపులు, గిన్నెలు, కుర్చీలు, బియ్యం, గ్యాస్ స్టవ్, పిల్లల బొమ్మలు చేరాక వెయ్యి, పదిహేను వందల పౌండ్లు ఎలా వచ్చి చేరాయో తెలియదు. ట్రైలర్ గోడ మీద జీవీడబ్ల్యూఆర్ అని ఒక అంకె ఉంటుంది. ఆ ట్రైలర్ గరిష్ఠంగా ఎంత బరువు ఉండొచ్చో చెప్పే అంకె అది. లెక్కలన్నీ దానితోనే వెయ్యండి. అలా వేస్తే తర్వాత టెన్షన్ ఉండదు.

ఇక ఏ రకం ట్రైలర్ అన్నది. పెద్దవాటిలో రెండు దారులున్నాయి. ట్రక్ వెనక బంపర్ కింద బంతి మీద కూర్చునేది ట్రావెల్ ట్రైలర్. ట్రక్ బెడ్ మధ్యలో బిగించిన పెద్ద హిచ్‌కి తగులుకునేది ఫిఫ్త్ వీల్.

ఎద్దుబండి తోలినవాళ్లకి, కనీసం దాని మీద ఎక్కి తిరిగినవాళ్లకి ఈ రెండింటి తేడా త్వరగా అర్థమవుతుంది. బస్తాలన్నీ ముందుకు సర్దితే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. వెనక్కి సర్దితే కాడి పైకి లేచి, ఎద్దులకి పట్టు దొరకదు. ట్రావెల్ ట్రైలర్‌కీ అదే సూత్రం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా ముందున్న హిచ్ మీద పడాలి. దీన్నే టంగ్ వెయిట్ అంటారు. 10 శాతం కంటే తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోయినప్పుడు గాలి తోపుకి కుడికీ ఎడమకీ ఊగుతుంది, ఊపు పెరుగుతూ పోతుంది. వెనక బంపర్ మీద సైకిళ్ల రాక్ బిగించి, వెనకున్న నీళ్ల ట్యాంక్ నింపుకుని బయల్దేరేవాళ్లకి ఈ ప్రమాదం ఎక్కువ.

ట్రావెల్ ట్రైలర్‌కి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ తప్పనిసరి అనే చెప్తాను. ట్రక్ వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలిక కాకుండా, హిచ్ మీది బరువులో కొంత ముందు ఇరుసుకీ కొంత ట్రైలర్ ఇరుసులకీ పంచుతుంది. ఊగకుండా పట్టే ఏర్పాటు కూడా ఉన్నది తీసుకోండి. ఎప్పుడైనా ఊపు మొదలైతే ట్రక్ బ్రేక్ తొక్కకండి, స్టీరింగ్‌తో కుస్తీ పట్టకండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, బ్రేక్ కంట్రోలర్ (ట్రక్‌లో కూర్చుని ట్రైలర్ బ్రేకుల్ని నడిపే పరికరం) మీదున్న మీటను చేత్తో నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టించాలి. వెనకది లాగి పట్టినట్టయి, ట్రైలర్ తిన్నగా వస్తుంది. ఆ మీట ఎక్కడుందో చూడకుండానే చేతికి అందేలా ముందే అలవాటు చేసుకోండి. మీ భార్య లేదా భర్త కూడా నడుపుతారనుకుంటే వాళ్లకీ చెప్పండి.

ఫిఫ్త్ వీల్‌లో ఈ గొడవ దాదాపుగా ఉండదు. బరువు వెనక ఇరుసు మీద, లేదా దానికి కాస్త ముందే పడుతుంది. అందుకే ట్రక్, ట్రైలర్ ఒకే వస్తువులా కదులుతాయి. గాలికి భయం తక్కువ, వెనక్కి తిప్పడం అలవాటయ్యాక సుఖం, లోపల ఎత్తైన పడగ్గది. కానీ ఖరీదు ఇక్కడ కడతాం: మొత్తం బరువులో 20 శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ట్రక్ బెడ్ మీద పడుతుంది. దీన్ని పిన్ వెయిట్ అంటారు. పైగా బెడ్ అంతా హిచ్‌కే పోతుంది కాబట్టి సైకిళ్లు, జనరేటర్, కట్టెలు పెట్టుకునే చోటుండదు. ఎత్తు 13 అడుగులు దాటేవి చాలా ఉన్నాయి. పాత వంతెనల కింద నుంచి, చెట్ల కొమ్మల కింద నుంచి వెళ్లేటప్పుడు ఆ అంకె మనసులో తిరుగుతూనే ఉంటుంది. మీ ట్రైలర్ ఎత్తు మీరే టేపుతో కొలిచి, డ్యాష్‌బోర్డ్ మీద రాసి అంటించుకోండి. పైన ఏసీ పెట్టె దాకా కొలవాలి, కప్పు దాకా కాదు.

నా ఓటు దేనికంటే, 32 అడుగుల లోపు అయితే ట్రావెల్ ట్రైలర్. అంతకు మించి, నెలల తరబడి ఉండాలనుకుంటే ఫిఫ్త్ వీల్. 35, 36 అడుగుల ట్రావెల్ ట్రైలర్లు అమ్ముతున్నారు, ధర తక్కువ అని ఆశ పడతాం. అంత పొడవు బంపర్ వెనక వేలాడదీసుకుని ఈదురుగాలిలో గంటల తరబడి నడపడం నాకు ఇష్టం లేదు. ట్రక్ ఎంత పెద్దదైనా సరే.

స్టిక్కర్ లెక్క

డ్రైవర్ తలుపు తెరిస్తే, స్తంభం మీద పసుపు గీతలున్న స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాన్లు కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని అందులో రాసి ఉంటుంది. అదే పేలోడ్. ఒకే మోడల్, ఒకే రంగు, పక్కపక్కన నిలబెట్టిన రెండు ట్రక్కులకి కూడా ఈ అంకె వేరుగా ఉంటుంది. సన్‌రూఫ్, పవర్ మెట్లు, తోలు సీట్లు, ఫోర్ వీల్ డ్రైవ్, ప్రతిదీ ఇందులోంచే కోసుకుంటుంది. ఖరీదైన ట్రిమ్‌కి (అదే మోడల్‌లో హంగులు ఎక్కువున్న రకానికి) వెళ్లేకొద్దీ మోసే బలం తగ్గుతుందన్నమాట. మా 1,940 అలా వచ్చిందే. అంత డబ్బు పెట్టి కొన్న ట్రక్కే తక్కువ మోస్తుందంటే నమ్మబుద్ధి కాలేదు, కానీ అదే నిజం.

ఇంకో మెలిక ఉంది. డీజిల్ ఇంజిన్ పెట్రోల్ ఇంజిన్ కంటే కొన్ని వందల పౌండ్లు ఎక్కువ బరువు. చాలా త్రీ క్వార్టర్ టన్ ట్రక్కుల మొత్తం బరువు పరిమితి 10,000 పౌండ్లు. ఆ పరిమితి కదలదు, ఇంజిన్ బరువు పెరిగింది, కాబట్టి తగ్గేది పేలోడే. అదే ట్రక్ పెట్రోల్ ఇంజిన్‌తో తీసుకుంటే 3,000 పౌండ్ల దాకా మోస్తుంది, డీజిల్‌తో తీసుకుంటే రెండు వేల చిల్లర దగ్గర ఆగిపోతుంది. అన్ని కంపెనీలవీ 10,000 దగ్గరే ఆగవు, ఇంకాస్త పైన పెట్టినవీ ఉన్నాయి. అందుకే నెట్‌లో చదివిన అంకె కాకుండా మీరు కొనబోయే ట్రక్ తలుపు తెరిచి చదవండి.

ఇప్పుడు రెండు లెక్కలు వేద్దాం.

9,500 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్. 13 శాతం చొప్పున హిచ్ మీద 1,235. హిచ్ సామగ్రి 100. నలుగురు మనుషులు 600. బెడ్‌లో 200 పౌండ్ల సామాన్లు. మొత్తం 2,135. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కొంత వెనక్కి పంపుతుంది కాబట్టి నిజంగా పడేది కాస్త తక్కువే ఉంటుంది, కానీ ఆ తేడాని లెక్కలో కలుపుకోకండి, జేబులో ఉంచుకోండి. స్టిక్కర్ 2,400 ఉన్న త్రీ క్వార్టర్ టన్ డీజిల్‌కి ఇది సరిపోతుంది. మా మొదటి ట్రక్ లాంటిదానికి సరిపోదు.

14,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్. 20 శాతం అంటే పిన్ మీద 2,800. హిచ్ 200. మనుషులు 600. మొత్తం 3,600. త్రీ క్వార్టర్ టన్ డీజిల్‌లలో దాదాపు దేనికీ దీని జోలికి వెళ్లే హక్కు లేదు. వెనక రెండు చక్రాలున్న వన్ టన్ డీజిల్ స్టిక్కర్ సాధారణంగా 3,500 నుంచి 4,000 మధ్య ఉంటుంది. ట్రిమ్ చూసి ఎంచుకుంటే సరిపోతుంది, లేకపోతే అక్కడా తప్పుతుంది.

హాఫ్ టన్‌తో సరిపెట్టుకోవచ్చా అని అడుగుతారు. జీఎం (జనరల్ మోటార్స్) వాళ్ల 3 లీటర్ డీజిల్ ఉంది, 305 హార్స్ పవర్, 495 పౌండ్-ఫీట్ల టార్క్. చక్కటి ఇంజిన్, హైవే మీద మైలేజ్ బాగుంటుంది. కానీ హాఫ్ టన్ స్టిక్కర్ చాలావరకు 1,500, 1,700 దగ్గర ఉంటుంది. 6,000, 6,500 పౌండ్ల ట్రైలర్, చిన్న కుటుంబం అయితే నిశ్చింతగా తీసుకోండి. దానికి మించితే వద్దు.

త్రీ క్వార్టర్ టన్నా, వన్ టన్నా?

ఈ ప్రశ్నకి నేను మొహమాటం లేకుండా జవాబు చెప్పగలను. కొత్తది కొంటూ, డీజిల్ అని నిర్ణయించుకున్నాక, వన్ టన్ తీసుకోండి. బయట నుంచి చూస్తే రెండూ ఒకటే. కేబిన్ అదే, బెడ్ అదే, పార్కింగ్‌లో ఆక్రమించే చోటూ అంతే. ట్రక్ మొత్తం ధరతో పోలిస్తే తేడా చాలా చిన్నది. దానికి బదులుగా వెనక స్ప్రింగులు గట్టివి వచ్చి, పేలోడ్ వెయ్యి పౌండ్లకి పైగా పెరుగుతుంది. ఖాళీగా నడిపినప్పుడు గుంతల్లో కొంచెం ఎక్కువ కుదుపుతుంది, అంతే. రిజిస్ట్రేషన్ ఫీజు కొన్ని రాష్ట్రాల్లో బరువుని బట్టి పెరుగుతుంది, అది మీ రాష్ట్రంలో ముందే కనుక్కోండి.

త్రీ క్వార్టర్ టన్ తీసుకుని ఎయిర్ బ్యాగులు వేయించుకుంటే సరిపోతుందని చెప్పేవాళ్లున్నారు. ఎయిర్ బ్యాగులు కుంగిన వెనక భాగాన్ని పైకి లేపుతాయి. స్టిక్కర్ మీద అంకెను మాత్రం మార్చలేవు. ఇరుసు, చక్రాలు, టైర్లు పాతవే, వాటి మీద పడే బరువూ పాతదే.

వెనక నాలుగు చక్రాలుండే డ్యూయలీ సంగతి వేరు. మొత్తం బరువు పరిమితి 14,000 పౌండ్లు, పేలోడ్ ఐదు వేల పైన. పక్కగాలిలో అది నిలబడే తీరు మిగతా వేటికీ రాదు. ఒక వెనక టైర్ పేలినా పక్కనే ఇంకోటి ఉంటుంది. 15,000 దాటిన ఫిఫ్త్ వీల్, అందులోనూ వెనక గ్యారేజ్ ఉన్న టాయ్ హాలర్ అయితే ఇంకేమీ ఆలోచించకండి, డ్యూయలీయే. కానీ వెనక భాగం దాదాపు 8 అడుగుల వెడల్పు. ఆఫీస్ పార్కింగ్‌లో పట్టదు, కార్ వాష్‌లో పట్టదు, మంచులో ఖాళీగా వెళ్తే పట్టు తక్కువ, టైర్లు ఆరు కొనాలి. రోజూ ఆఫీసుకీ, పిల్లల బడికీ ఇదే బండి అనుకునేవాళ్లు ఒకటి అద్దెకి తీసుకుని వారం నడిపి చూసి నిర్ణయించుకోండి.

అసలు డీజిల్ అవసరమా?

డీజిల్ కోసం దాదాపు 10,000 డాలర్లు ఎక్కువ పెట్టాలి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ పెట్రోల్ ట్రక్ కంటే ఎక్కువ పోస్తారు: పవర్ స్ట్రోక్‌కి 13 క్వార్ట్‌లు (క్వార్ట్ అంటే లీటరుకి కాస్త తక్కువ), కమిన్స్‌కి 12, డ్యూరామాక్స్‌కి 10. ఫ్యూయల్ ఫిల్టర్లు విడిగా మార్చాలి. పొగని శుభ్రం చేయడానికి డెఫ్ అనే యూరియా ద్రవం పోస్తూ ఉండాలి, ట్రైలర్ లాగేటప్పుడు అది ఇంకా త్వరగా అయిపోతుంది. కేవలం మైలేజ్‌తో ఈ డబ్బు తిరిగొస్తుందని ఎవరైనా అంటే, ఏడాదికి వేల మైళ్లు లాగేవాళ్ల విషయంలోనే నమ్మండి.

మరి ఎందుకు కొంటారు? కొండల కోసం.

కొలరాడోలో ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,158 అడుగుల ఎత్తున ఉంది. ఎక్కే దారిలో 7 శాతం దాకా వాలు. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం బలం పోగొట్టుకుంటుంది, పైన గాలి పలచబడుతుంది కాబట్టి. 430 హార్స్ పవర్ ఇంజిన్ అక్కడికి చేరేసరికి 290, 300 దగ్గరికి వచ్చేస్తుంది. గేర్లు తగ్గించుకుని, ఇంజిన్ అరుస్తూ, ఎమర్జెన్సీ లైట్లు వేసుకుని లారీల లైన్‌లో వెళ్లాలి. వెళ్తుంది, ఆగిపోదు. టర్బో ఉన్న డీజిల్ ఆ పలచటి గాలినే కుక్కి లోపలికి పంపుతుంది కాబట్టి బలం చాలావరకు నిలుపుకుంటుంది. తక్కువ ఆర్పీఎంలో, మాటలు వినపడేంత ప్రశాంతంగా ఎక్కుతుంది.

ఎక్కడం కంటే దిగడమే నాకు ముఖ్యం. డీజిల్ ట్రక్‌లో ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది. టర్బో లోపలి రెక్కలు మూసుకుని, బయటికి పోయే పొగకి అడ్డుపడి, ఆ ఒత్తిడి ఇంజిన్‌నే బ్రేక్‌గా మారుస్తుంది. 14,000 పౌండ్ల బరువు వెనక నుంచి తోస్తున్నా, బ్రేక్ పెడల్ అప్పుడప్పుడు తాకితే చాలు, బండి చెప్పిన వేగంలోనే దిగుతుంది. బ్రేకులు వేడెక్కి కాలిన వాసన రావడం, పెడల్ లోపలికి పోవడం, ఆ భయం అనుభవించినవాళ్లకి ఈ ఒక్క బటన్ విలువ చెప్పనక్కర్లేదు. పెట్రోల్ ట్రక్ కూడా గేర్లు తగ్గించి ఇంజిన్‌తో ఆపుకుంటూ దిగుతుంది, కానీ ఇంత పట్టుండదు.

ఇంకో సౌకర్యం గురించి ఎవరూ ముందు చెప్పరు. 30 అడుగుల ట్రైలర్ తగిలించుకుని మామూలు పెట్రోల్ పంపుల మధ్య తిరగడం నరకం. డీజిల్ అయితే లారీల వరసలోకి తిన్నగా వెళ్లి తిన్నగా బయటికి రావొచ్చు, డెఫ్ కూడా అక్కడే పంపులో దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త. డెఫ్ మూత నీలం రంగులో, డీజిల్ మూత పక్కనే ఉంటుంది. పొరపాటున డెఫ్ డీజిల్ ట్యాంక్‌లో పోస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకండి, అక్కడి నుంచే టో ట్రక్‌కి ఫోన్ చేయండి. స్టార్ట్ చేస్తే ఫ్యూయల్ సిస్టమ్ మొత్తం పాడై వేల డాలర్ల బిల్లు వస్తుంది. పంపు పిడి రంగుని నమ్మకండి, ఆకుపచ్చ పిడి ప్రతిచోటా డీజిల్ కాదు, మీద రాసింది చదవండి.

డీజిల్ ఎవరికి వద్దు? ట్రక్‌ని వారమంతా మూడు మైళ్ల దూరంలోని ఆఫీసుకి నడిపి, వేసవిలో రెండుసార్లు మాత్రమే ట్రైలర్ లాగేవాళ్లకి. డీజిల్ పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఉంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కి కొంతసేపు నడిస్తేనే ఆ మసి కాలి శుభ్రమవుతుంది. చిన్న చిన్న ప్రయాణాల్లో ఆ అవకాశం రాక, ఫిల్టర్ మూసుకుపోయి, వారంటీ తర్వాత అయితే భారీ ఖర్చు. ట్రైలర్ 8,000 పౌండ్ల లోపు, దారి ఎక్కువగా సమతలం, ఏడాదికి నాలుగైదు వారాంతాలు అయితే ఫోర్డ్ 7.3 లీటర్ పెట్రోల్ లాంటిది ఉన్న త్రీ క్వార్టర్ టన్ తీసుకుని, మిగిలిన డబ్బుతో మంచి హిచ్, మంచి టైర్లు కొనుక్కోండి. 10,000 దాటితే, లేదా పశ్చిమ రాష్ట్రాల పర్వతాలు మీ దారిలో ఉంటే, డీజిల్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు.

మూడు ఇంజిన్లు

ఇక చివరికి పెట్టిన ప్రశ్న. ఇప్పటి మోడళ్లలో ఫోర్డ్ 6.7 లీటర్ పవర్ స్ట్రోక్ హై అవుట్‌పుట్ 500 హార్స్ పవర్, 1,200 పౌండ్-ఫీట్లు. మామూలు పవర్ స్ట్రోక్ 475, 1,050. జీఎం 6.6 లీటర్ డ్యూరామాక్స్ 470, 975. 2025 నుంచి రామ్‌లో వచ్చే 6.7 లీటర్ కమిన్స్ 430, 1,075. పవర్ స్ట్రోక్, డ్యూరామాక్స్ రెండూ వీ8లు, పది గేర్లు. కమిన్స్ వరస ఆరు సిలిండర్లది, 2025 నుంచి ఎనిమిది గేర్లు.

14,000 పౌండ్ల ట్రైలర్‌కి ఈ అంకెల మధ్య తేడా మీరు స్టాప్‌వాచ్ పెట్టుకుంటేనే తెలుస్తుంది. అందుకే మీ ఇంటికి దగ్గర్లో ఏ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో డీజిల్ పని తెలిసిన మెకానిక్ ఉన్నాడో చూసి, సీట్లో అరగంట కూర్చుని నడుము ఏమంటోందో చూసి, వెనక సీట్లో పిల్లల కాళ్లకి చోటు చూసి ఎంచుకోండి. ఫిఫ్త్ వీల్ తీసుకునేవాళ్లు మాత్రం ఒక కొలత తప్పక తీసుకోవాలి, నేల నుంచి ట్రక్ బెడ్ అంచు దాకా ఎత్తు. ఇప్పటి ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులు చాలా ఎత్తుగా ఉంటున్నాయి. బెడ్ అంచుకీ, పైనుండే ట్రైలర్ ముక్కుకీ మధ్య కనీసం ఆరు అంగుళాల ఖాళీ ఉండాలి. లేకపోతే ఎగుడుదిగుడు దారిలో బెడ్ నొక్కుకుపోతుంది. ఆ ఖాళీ కోసం ట్రైలర్ ముందు భాగం పైకి లేపితే బరువు ఎక్కువగా ట్రైలర్ వెనక ఇరుసు మీదకి జారుతుంది.

బెడ్ పొడవు కూడా ఫిఫ్త్ వీల్‌కే ముఖ్యం. 8 అడుగుల బెడ్ అయితే మలుపులో ట్రైలర్ మూల ట్రక్ వెనక అద్దానికి తగిలే భయం లేదు. ఆరున్నర అడుగుల బెడ్‌లో ఆ భయం ఉంటుంది, వెనక్కి జరిగే స్లైడర్ హిచ్ కావాలి, దానికి బరువూ ధరా ఎక్కువ. ట్రావెల్ ట్రైలర్‌కి చిన్న బెడ్ చాలు.

పాత ట్రక్ చూసేవాళ్లకి ఒక మాట. పొగగొట్టంలో ఫిల్టర్లు తీసేసి, కంప్యూటర్ మార్చిన ట్రక్కులు "డిలీట్ చేశాం, మైలేజ్ పెరిగింది" అంటూ అమ్ముతారు. అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం. డీలర్లు సర్వీస్ చేయడానికి ఒప్పుకోకపోవచ్చు, తనిఖీ ఉన్న రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ కూడా కష్టం. ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

లైసెన్స్, వేగం, దారి

కొన్ని రాష్ట్రాల్లో మామూలు లైసెన్స్ సరిపోదు. కాలిఫోర్నియాలో 10,000 పౌండ్లు దాటిన ట్రావెల్ ట్రైలర్ లాగాలంటే నాన్ కమర్షియల్ క్లాస్ ఏ లైసెన్స్ కావాలి. ఫిఫ్త్ వీల్ అయితే 15,000 దాకా మామూలు లైసెన్స్ మీదే ప్రత్యేక ఎండార్స్‌మెంట్ తీసుకుంటే చాలు. టెక్సస్‌లో ట్రక్, ట్రైలర్ పరిమితులు కలిపి 26,000 పౌండ్లు దాటి, ట్రైలర్ 10,000 పైన ఉంటే అక్కడా క్లాస్ ఏ అవసరం. డ్యూయలీ, పెద్ద ఫిఫ్త్ వీల్ కలిస్తే ఈ గీత సులువుగా దాటేస్తాం. కాలిఫోర్నియాలో ట్రైలర్‌తో వెళ్తే ఏ హైవే మీదైనా 55 మైళ్లే. నన్నడిగితే ఎక్కడైనా 65 దాటొద్దు. కొన్ని ట్రైలర్ టైర్లు అంతకు మించిన వేగానికి తయారుచేసినవి కావు, వేసవి ఎండలో వేడెక్కి పేలేవి అవే. టైర్ గోడ మీద డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెప్తాయి. గాట్లు ఎంత బాగా కనిపించినా ఐదారేళ్లు దాటితే మార్చేయండి.

నేషనల్ పార్కులకి వెళ్లే ఉద్దేశం ఉంటే ట్రైలర్ పొడవు ఎంచుకునే రోజే వాళ్ల నియమాలు చూడండి. గ్లేసియర్ పార్క్‌లో గోయింగ్ టు ద సన్ రోడ్ మధ్య భాగంలోకి 21 అడుగులు దాటిన బండికి అనుమతి లేదు. క్రూ క్యాబ్ (నాలుగు తలుపుల పెద్ద కేబిన్), పొడవాటి బెడ్ ఉన్న ట్రక్ అయితే ట్రైలర్ విప్పేసినా ఆ కొలత దాటిపోతుంది.

సంతకం పెట్టేముందు

నచ్చిన ట్రక్ తలుపు తెరిచి పసుపు స్టిక్కర్, దాని పక్కనే ఇరుసుల పరిమితులు రాసిన ఇంకో స్టిక్కర్ ఫోటో తీసుకోండి. ట్రక్ ఇంకా ఫ్యాక్టరీ నుంచి రాలేదంటే, వచ్చాక స్టిక్కర్ చూసే డబ్బు కడతామని చెప్పండి. వెనక హిచ్ రిసీవర్ మీద కూడా చిన్న స్టిక్కర్ ఉంటుంది. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ లేకుండా ఎంత, ఉంటే ఎంత అని రెండు అంకెలుంటాయి, అదీ చదవండి. మనుషుల బరువు లెక్కలో కలిపేటప్పుడు పిల్లలు పెరుగుతారని గుర్తుంచుకోండి. ఎనిమిదేళ్ల పిల్లాడు ట్రక్ అప్పు తీరేలోపు మన భుజం దాకా వస్తాడు. ఇవన్నీ కలిపాక స్టిక్కర్‌లో కనీసం 15 శాతం మిగిలేలా చూసుకోండి.

కొన్నాక, మొదటి ప్రయాణానికి నీళ్లు, గ్యాస్, మనుషులు అన్నీ సర్దుకుని నేరుగా కాటాకి వెళ్లండి. క్యాట్ స్కేల్ బోర్డు పెద్ద ట్రక్ స్టాపుల్లో చాలాచోట్ల కనిపిస్తుంది, ఖర్చు 20 డాలర్ల లోపే. ట్రక్ ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనకవి రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద నిలిపితే మూడు అంకెలతో చీటీ వస్తుంది. తర్వాత ట్రైలర్ విప్పేసి ట్రక్ ఒక్కటే తూపిస్తే, హిచ్ మీద నిజంగా ఎంత పడుతోందో తేలిపోతుంది.

మేం ఆ మొదటి ట్రక్‌ని పద్నాలుగు నెలలకి అమ్మేసి వన్ టన్ తీసుకున్నాం. తోలు సీట్లు లేవు, సన్‌రూఫ్ లేదు. స్టిక్కర్ 3,890. ట్రైలర్ పాతదే. మొన్న వేసవిలో ఆ పాత కాటా మీదికే ఎక్కించాం. వెనక ఇరుసు మీద 5,720 అని చీటీ వచ్చింది. పరిమితి 7,000.